జట్టుకు అచ్చొచ్చే గుర్తు ఏది? పాలమూరు, నల్లగొండ జట్ల కోసం ఒక పోలిక

దసరాకో సంక్రాంతికో ఊళ్లో టోర్నమెంట్ పెడుతున్నారంటే ముందు జెర్సీల మాట వస్తుంది. ఆ వెంటనే జెర్సీ మీద ఏ బొమ్మ వేయించాలన్న మాట వస్తుంది. ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు నెట్‌లో దొరికిన పులి తలనో, గద్దనో, తోడేలునో చూపిస్తాడు. టైమ్ లేదు కాబట్టి అందరూ సరే అంటారు. అలా ఒకే గ్రౌండ్‌లో ఎదురెదురుగా దిగిన రెండు జట్ల ఛాతీ మీద ఒకే పులి తల కనిపిస్తుంది, రంగు మాత్రమే వేరు.

ఇది చిన్న విషయం కాదని నేను నమ్ముతాను. పదిహేనేళ్ల పిల్ల తన జీవితంలో మొదటిసారి ఒక జట్టు తరఫున గ్రౌండ్‌లోకి దిగుతున్నప్పుడు ఆ పిల్ల గుండెల మీద ఉండే గుర్తు అది. దాన్ని అయిదు నిమిషాల్లో తేల్చేయకూడదు. కబడ్డీ జట్టుకైనా, స్కూలుకైనా, యువజన సంఘానికైనా, రైతు ఉత్పత్తిదారుల సంఘానికైనా గుర్తు ఎంచుకోబోయేవాళ్లకు పనికొస్తుందని ఈ పోలిక రాస్తున్నాను. దక్షిణ తెలంగాణలో మన చేతికి అందుబాటులో ఉన్న గుర్తులేమిటో, ఏది ఎవరికి సరిపోతుందో, ఏది వద్దో చెబుతాను.

మస్కట్ అంటే మొదట అదృష్టమే

ఇప్పుడు మస్కట్ అంటే గ్రౌండ్‌లో గంతులేసే బొమ్మ వేషం అనుకుంటాం. మొదట్లో దాని అర్థం అదృష్టం తెచ్చే మనిషి, జంతువు లేదా వస్తువు. ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతంలో మంత్రగత్తెను ‘మాస్కో’ అనేవాళ్లు. అక్కడి నుంచి తాయెత్తు, మంత్రం అనే అర్థాలతో ఈ మాట పుట్టింది. 1880లో ఎడ్మండ్ ఆడ్రాన్ స్వరపరిచిన ‘లా మస్కాట్’ అనే సంగీత నాటకం పారిస్‌లో ఆడాక ఇది యూరప్ అంతా పాకింది. ఆ కథలో టర్కీ కోళ్లు కాసే బెటినా అనే పిల్ల ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లకు కలిసొస్తుంది. పెళ్లి కానంతవరకే ఆ మహిమ. సంగతి తెలిసిన రాజు ఆమెను తన కోటకు తీసుకుపోతాడు.

కథ పరాయిదే అయినా ఇందులోని నమ్మకం మనకు కొత్త కాదు. “ఈ పిల్ల పుట్టినకాన్నుంచి మాకు కలిసొచ్చింది” అని మన ఇళ్లలో ఎంతమంది అనలేదు? “ఈ ట్రాక్టర్ మాకు అచ్చొచ్చింది”, “ఆ మడి మాకు అచ్చిరాలేదు” అనే మాటలు ఏ ఊరికి పోయినా వినిపిస్తాయి. ఎవరికైనా అనుకోకుండా మంచి జరిగితే పొద్దున్నే నక్కను తొక్కి వచ్చాడంటాం. మస్కట్ అనే పేరు లేకపోయినా అచ్చొచ్చే జీవి, అచ్చొచ్చే వస్తువు అనే ఆలోచన మన బతుకులో ఎప్పటి నుంచో ఉంది.

అమెరికాలో 1880ల్లో బేస్‌బాల్ జట్లు ఈ ఆలోచనను పట్టుకున్నాయి. ఒక పిల్లవాణ్నో, కుక్కనో, మేకనో అదృష్టం కోసం వెంట తిప్పుకునేవి. బ్రిటన్ సైన్యంలో వెల్ష్ రెజిమెంటుకు మేక తోడుగా నడవడం అంతకంటే పాతది, 18వ శతాబ్దం నాటి ఆనవాయితీ. మెల్లగా అదృష్టం సంగతి వెనక్కి పోయి, జట్టుకు ముఖం కావడం ముందుకొచ్చింది. 1966 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు విల్లీ అనే సింహం వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు వాల్డీ అనే పొట్టికాళ్ల కుక్క వచ్చింది. ఒలింపిక్స్‌కు అధికారిక మస్కట్ అదే మొదలు. 1980 మాస్కో ఎలుగుబంటి మీషా ముగింపు రోజున బెలూన్లతో ఆకాశంలోకి లేచిపోతుంటే స్టేడియంలో జనం ఏడ్చారు. మన దేశంలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడల అప్పూ ఏనుగు ఇప్పటికీ ఆ తరం వాళ్ల నోట్లో నానుతూనే ఉంది. కేరళలోని గురువాయూరు గుడి ఏనుగు కుట్టినారాయణన్ ఆ బొమ్మకు మూలం. అప్పూ అంతగా నిలబడిపోవడానికి కారణం అదే అనుకుంటాను. ఎక్కడో ఒక గుళ్లో జనం నిజంగా చూసిన, నిజంగా ప్రేమించిన ఏనుగు అది.

నేను గుర్తులను తూచేది ఈ కొలతతోనే. మీ గ్రౌండ్ చుట్టూ నిలబడిన జనం ఆ జీవిని చిన్నప్పటి నుంచి ఎరిగి ఉండాలి, దాని మీద వాళ్లకు ముందే ఒక నమ్మకమో ప్రేమో ఉండాలి. ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేకుండా చూడగానే మనదే అనిపించాలి. మరొకటి, మనం దాన్ని గుర్తుగా పెట్టుకున్నందువల్ల ఆ జీవికి కీడు జరగకూడదు.

పాలపిట్ట

ఈ కొలతకు అన్నింటికంటే బాగా నిలిచేది పాలపిట్ట. దసరా రోజు సాయంత్రం కొత్త బట్టలు కట్టుకొని ఊరి పొలిమేర దాకా నడిచి, జమ్మి చెట్టుకు దండం పెట్టి, పాలపిట్ట కనిపిస్తుందేమోనని కరెంటు తీగల వైపు, పొలాల వైపు చూడని ఊరు మన దగ్గర లేదు. రాముడు రావణుడి మీదికి పోయే ముందు ఇది కనిపించిందని కొందరు చెబుతారు. పాండవులు జమ్మి మీద దాచిన ఆయుధాలు తీసుకొని వస్తుంటే కనిపించిందని ఇంకొందరు చెబుతారు. ఏ కథ చెప్పినా సారం ఒకటే, పాలపిట్ట కనిపిస్తే గెలుపు. ఒక జట్టుకు ఇంతకంటే ఏం కావాలి? పైగా 2014 నుంచి ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి. రైతుకూ దోస్తే, ఎందుకంటే మిడతలు, పురుగులు దీని తిండి.

గుర్తుగా దీని బలం రంగులో ఉంది. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగు ఛాతీతో మామూలు పిట్టలా ఉంటుంది. రెక్క విప్పి ఎగిరిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరుస్తాయి. కాబట్టి పాలపిట్ట బొమ్మ వేయిస్తే రెక్కలు విప్పినట్టే వేయించండి. కూర్చున్న పాలపిట్టను జెర్సీ మీద వేస్తే దూరం నుంచి పావురమనుకుంటారు.

రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, డిజైన్ చేసేవాళ్లు చాలాసార్లు పాలపిట్ట పేరుతో లకుముకి పిట్ట బొమ్మ పెడతారు. పొడవాటి ఎర్రటి ముక్కు, తెల్లటి ఛాతీ ఉంటే అది లకుముకి. పాలపిట్ట ముక్కు నల్లగా, కాస్త పొట్టిగా ఉంటుంది. ఛాతీ గోధుమ రంగులో, లేత గులాబీ ఛాయతో ఉంటుంది. ప్రింట్‌కు ఇచ్చే ముందు ఇది చూసుకోండి, వంద జెర్సీలు వచ్చాక చూస్తే ఏం చేయలేరు. రెండోది, కర్ణాటక, ఒడిశాలకూ ఇదే రాష్ట్ర పక్షి. రాష్ట్రస్థాయి పోటీలు దాటి పోయే జట్టయితే పాలపిట్ట మీ ఒక్కరిదే అనిపించుకోవడం కష్టం. మండల, జిల్లా స్థాయిలో ఆ బాధ లేదు.

స్కూళ్లకు, ఆడపిల్లల జట్లకు, దసరా టోర్నమెంట్లు నడిపే సంఘాలకు నా మొదటి సలహా ఇదే. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. గుర్తు పాలపిట్ట కదా అని టోర్నమెంట్ ప్రారంభానికి పంజరంలో నిజమైన పాలపిట్టను తెప్పించకండి. దసరా దర్శనం కోసం వేటగాళ్లు వీటిని పట్టి, రెక్కలు కట్టేసి, కొన్నిసార్లు జిగురు పూసి, రోడ్ల పక్కన డబ్బులకు చూపిస్తున్నారు. వాటిలో చాలా పిట్టలు బతకవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడమూ నేరమే, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. దసరా నాడు చూడాల్సింది ఎగిరే పాలపిట్టను. పంజరంలో ఉన్నదాన్ని చూసి శుభం జరిగిందనుకోవడం నాకు మనసొప్పదు.

పొడ తూర్పు కోడె

పాలమూరు వైపు జట్లయితే, ముఖ్యంగా కబడ్డీ, వాలీబాల్, తాడు లాగుడు ఆడేవాళ్లయితే, పాలపిట్ట కంటే ముందు దీన్ని చూడమంటాను. అమ్రాబాద్ గుట్టల చుట్టుపక్కల తరతరాలుగా పెరుగుతున్న పశువులివి. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలు ఉంటాయి, ఆ పొడల వల్లనే ఆ పేరు. రాళ్ల నేలలో నడుస్తాయి, అడవిలో మేసి బతుకుతాయి, ఎండకు తట్టుకుంటాయి, దుక్కికి, బండికి బలంగా నిలబడతాయి. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. మన నల్లమల అంచున మన పశుపోషకులు కాపాడుకొచ్చిన జాతికి దేశం ఇచ్చిన గుర్తింపు అది. అయినా నాగర్‌కర్నూల్ పిల్లల్లోనే చాలామందికి ఈ పేరు తెలియదు. జెర్సీ మీద ఎక్కితే తెలుస్తుంది. నాకు దీని మీద ఇంత ఇష్టం ఉండడానికి అదీ ఒక కారణం.

ఎడ్లు అచ్చొచ్చే సంగతి రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్త జత ఎడ్లను తోలుకొచ్చిన రోజు కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి లోపలికి తెచ్చుకుంటారు. సుడులు చూస్తారు. ఏరువాక నాడు కొమ్ములకు రంగులు పూస్తారు, మెడలో గంటలు కడతారు. ఒక జట్టు మస్కట్‌కు కావాల్సిన అలంకారమంతా ఇక్కడే ఉంది. రంగు కొమ్ములు, గంటలు, పూసల దండ, మూపు మీద జూలు గుడ్డ. వేషం కుట్టించడమూ తేలిక. తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మచ్చలు ఊళ్లో దర్జీ కూడా అతికించగలడు.

ఒక్క జాగ్రత్త. ఎద్దు అనే పేరు పెట్టకండి. మనకు ఎద్దు ఎంత పూజ్యమైనా, మనిషిని ఎద్దు అంటే తిట్టే. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని సామెత కూడా ఉంది కాబట్టి ఎదుటి జట్టు వదలదు, మొదటి మ్యాచ్‌లోనే పిల్లల మనసు చివుక్కుమంటుంది. కోడె అనండి. కోడెలో వయసు ఉంది, పొగరు ఉంది, ఎవరూ వెక్కిరించలేరు. ‘అచ్చంపేట కోడెలు’, ‘పాలమూరు కోడెలు’ అని పిలిచి చూడండి, పిలుపులోనే ఊపు వస్తుంది.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు కూడా ఇదే నా ఎంపిక. సంచీ మీద, డబ్బా మీద ఈ పొడల కోడె కనిపిస్తే ఎక్కడి సరుకో అడగాల్సిన పనుండదు.

పులి

అందరూ ముందు కోరుకునేది పులినే, అందరిలోనూ కలిసిపోయేదీ పులే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల షేరా నుంచి గల్లీ క్రికెట్ జట్టు దాకా దేశం నిండా పులులే. మీరు సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ఉండి పులి పెట్టుకుంటే అది ఎవరి పులో ఎవరికీ తెలియదు.

కానీ అచ్చంపేట, అమ్రాబాద్, మన్ననూరు వైపు జట్లకు, దేవరకొండ అడవి అంచు ఊళ్లకు పులి మీద హక్కు ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని ఉంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం అడవిలో అది ఒక భాగంగా ఉండేది, రాష్ట్రం వచ్చాక వేరైంది. ఆ అడవిలో చెంచులు పులితో కలిసి బతికారు. ఆ ఊళ్ల పిల్లలు పులిని గుర్తుగా పెట్టుకుంటే దాని వెనక ఒక బతుకు ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇది చాలా నచ్చే కారణం. పీర్ల పండుగకు మన ఊళ్లలో పులి వేషాలు కడతారు. ఒంటికి పసుపు రంగు పూసి, నల్ల చారలు గీసి, తోక కట్టి, డప్పు దెబ్బకు అడుగులు వేస్తుంటే చిన్నపిల్లలు భయంతో తల్లి కొంగు వెనక దాక్కుంటూనే తొంగి చూస్తారు. హిందువులు, ముస్లింలు కలిసి మొక్కే పండుగలో పుట్టిన కళ ఇది. మస్కట్ వేషం కోసం పట్నం నుంచి బొచ్చు సూటు అద్దెకు తెచ్చే బదులు, ఊళ్లో పులి వేషం కట్టే కళాకారుణ్ని పిలవండి. డప్పు కొట్టేవాళ్లనూ పిలవండి. ఆయనకు కూలి వస్తుంది, కళ నిలుస్తుంది, గ్రౌండ్ దద్దరిల్లుతుంది. పులి ఎంచుకుంటే ఈ పద్ధతిలోనే ఎంచుకోండి, నెట్‌లో దొరికే కోరల తలకాయ మాత్రం వద్దు.

జింక, దాని చుట్టూ ఉన్న చిక్కు

పరుగు పోటీలకు, ఖోఖోకు జింక చక్కగా కుదురుతుంది. మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూడబోయిన ప్రతి స్కూలు పిల్లా అక్కడి పార్కులో జింకల్ని చూసే ఉంటుంది. గీయడం తేలిక, పిల్లలకు ఇష్టం.

అయితే మీరు మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వైపు ఉంటే ఒకసారి ఆలోచించండి. అక్కడ కృష్ణజింకల మందలు రాత్రికి రాత్రి పత్తి మొలకలు, కంది మొలకలు మేసి పోతాయి. విత్తనం రెండోసారి, మూడోసారి వేసుకునే రైతు ఇంటి పిల్లవాడి ఛాతీ మీద జింక బొమ్మ పెడితే వాళ్ల నాయనకు ఎలా ఉంటుంది? మచ్చల జింక వేరు, కృష్ణజింక వేరు అని చెప్పొచ్చు. కానీ గుర్తు దగ్గర వివరణ మొదలైందంటే ఆ గుర్తు అక్కడ పనికిరానట్టే. ఒక ఊరికి అందమైనది పక్క మండలానికి కన్నీళ్లు కావచ్చు. మీ ఊరి పెద్దల్ని, రైతుల్ని అడగకుండా ఏ జంతువునూ ఖాయం చేయవద్దని నేను చెప్పేది అందుకే.

సింహం, ఏనుగు, గుడ్లగూబ, నక్క

సింహం వద్దు. మన అడవుల్లో సింహం లేదు, మనకు సింహమంటే యాదగిరిగుట్ట, మట్టపల్లి, సింగోటం నరసింహస్వామి. భక్తితో చూసే రూపాన్ని వేషం కట్టించి బౌండరీ దగ్గర గంతులేయించడం చాలామందికి నొప్పి కలిగిస్తుంది, జట్టులోని వేరే మతం పిల్లలకూ ఇబ్బందే. ఏనుగుతో వినాయకుడి విషయంలో అదే చిక్కు, పైగా అప్పూ తర్వాత ఏనుగుతో కొత్తగా చేయగలిగింది తక్కువ.

గ్రంథాలయానికో క్విజ్ జట్టుకో గుడ్లగూబను పెట్టాలని చదువుకున్న కుర్రాళ్లు అడుగుతుంటారు. గ్రీకులకు అది జ్ఞానదేవత పక్షి. మనకూ లక్ష్మీదేవి వాహనమే. అయినా మన ఊళ్లలో అది ఇంటి మీద వాలితే కీడని భయపడతారు. నిజానికి పొలాల్లో ఎలుకల్ని తిని రైతును కాపాడే పక్షి అది. దాని మీది భయం పోవాలని నేనూ కోరుకుంటాను. టౌనులో కాలేజీ అయితే ధైర్యంగా పెట్టుకోవచ్చు. పల్లెలో ఒక పిల్లవాడి కాలు విరిగినా తప్పు ఆ పక్షి మీదికే పోతుంది, మనం మంచి చేయబోతే దానికి చెడు జరుగుతుంది.

నక్క సంగతి నాకు ఆసక్తిగా ఉంటుంది. తొక్కితే అదృష్టం, పోలిస్తే జిత్తులమారి. చదరంగం జట్టుకు బాగుంటుంది, మిగతావాళ్లకు నేను చెప్పను. నక్క కొమ్ము అని సంతల్లో అమ్మేవాళ్ల దగ్గర మాత్రం ఏదీ కొనకండి. నక్కకు కొమ్ము ఉండదు. ఆ అబద్ధం కోసం నిజమైన నక్కలు చచ్చిపోతున్నాయి.

చెట్టూ పువ్వూ కూడా గుర్తులే

మస్కట్ అంటే జంతువే కానక్కర్లేదు. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టుకొని అలయ్ బలయ్ ఇచ్చుకునే ప్రాంతం మనది. శమీ శమయతే పాపం అని రాసిన చీటీ చెట్టు మీద పెట్టి శత్రువు మీద గెలుపు కోరుకుంటాం. జమ్మి రాష్ట్ర వృక్షం కూడా. గ్రౌండ్‌లో గంతులేయదు కానీ, టోర్నమెంట్ పెట్టే సంఘానికి, ట్రోఫీకి జమ్మి కొమ్మ ఎంతో హుందాగా ఉంటుంది. గెలిచిన జట్టు ఓడిన జట్టు చేతిలో జమ్మి ఆకు పెట్టి కౌగిలించుకోవడం ఆనవాయితీ చేస్తే అంతకంటే మంచి ముగింపు ఉండదు.

ఆడపిల్లల జట్టుకు తంగేడు పువ్వు. బతుకమ్మను పేర్చేటప్పుడు తంగేడు లేకపోతే పళ్లెం నిండినట్టు అనిపించదు. నీళ్లు లేకపోయినా గుట్టల మీద పసుపు పచ్చగా పూస్తుంది. పాలమూరు ఆడబిడ్డకు తంగేడు కంటే తగిన గుర్తు నాకు తోచదు. ఆ పసుపునే జెర్సీ రంగుగా తీసుకోవచ్చు.

మహబూబ్‌నగర్ టౌన్ స్కూళ్ల పాత విద్యార్థుల సంఘాలు పిల్లలమర్రిని పెట్టుకోవచ్చు. వందల ఏళ్లుగా ఊడలు దిగి, మొదలు ఏదో తెలియకుండా విస్తరించిన మర్రి అది, తరాలు కలిసే సంఘానికి సరిగ్గా నప్పుతుంది.

దుకాణంలో పెట్టే బొమ్మలు

షాపు తెరిచేవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయ మిరపకాయలు, గుర్రపు నాడా, నల్ల తాడు దిష్టి తగలకుండా కట్టేవి. నవ్వే బుద్ధుడు, చేయి ఊపే పిల్లి లాభం రావాలని పెట్టేవి. మొదటి రకాన్ని బయట కడతారు, రెండో రకాన్ని గల్లా పక్కన పెడతారు. ఒకదాని పని ఇంకొకటి చేస్తుందని ఎవరూ నమ్మరు, రెండూ కొని డబ్బు పెట్టడమెందుకో ముందే తేల్చుకోండి.

ఆ నవ్వే లావుపాటి బొమ్మ గౌతమ బుద్ధుడు కాదు, చైనాలో బుదాయ్ అనే సన్యాసి. అసలు బుద్ధుడి ఆనవాళ్లు మనకు సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీదే ఉన్నాయి. చేయి ఊపే పిల్లి జపాన్‌ది, అక్కడ అది శుభం. మన దగ్గర పిల్లి ఎదురొస్తే గుమ్మంలోనే ఆగే ముసలమ్మలున్నారు, వాళ్లే మీ గిరాకీ అయితే పిల్లి బొమ్మ మీకు లాభం చేయదు. బొమ్మ అవసరమే అనుకుంటే చేనేత దుకాణానికి చిన్న మగ్గం బొమ్మ, కిరాణా షాపుకు పాలపిట్ట బొమ్మ ఎంతో బాగుంటాయి.

ప్రాణమున్న వాటిని మాత్రం అదృష్టం కోసం తేకండి. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే ధనం వస్తుందని, రెండు తలల పాము కోట్లు తెస్తుందని చెప్పి అమ్ముతారు. రెండూ నేరం. నక్షత్ర తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లో పూర్తిగా నిషేధించారు. రెండు తలల పాముకు ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉండి అలా కనిపిస్తుంది.

గుర్తు దొరికాక దాన్ని ఏ రూపంలో తేవాలి

ముందుగా, మనిషిని అదృష్టంగా చేయకండి. “ఈ పిల్లవాడు వస్తే గెలుస్తాం” అని ఒక పిల్లవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టే జట్లున్నాయి. గెలిచినన్నాళ్లు ముద్దు. ఓడిన రోజు ఆ పిల్లవాడే నష్టజాతకుడు అవుతాడు. నూట నలభై ఏళ్ల కింద అమెరికా జట్లు చేసిన పని అదే. నల్లజాతి పిల్లల్ని అదృష్టం పేరుతో వెంట తిప్పుకొని అవమానించిన కథలు ఆ ఆట చరిత్రలో ఉన్నాయి. మన ఇళ్లలో కొత్త కోడలి మీద పడే నింద కూడా ఇలాంటిదే కదా. పసిమనసు మీద అంత బరువు పెట్టే హక్కు ఏ జట్టుకూ లేదు.

బతికి ఉన్న జంతువును గ్రౌండ్‌కు తేవడం కూడా నాకు నచ్చదు. చప్పుడుకు బెదురుతుంది, బెదిరితే జనం మీదికి వస్తుంది. సైన్యం శిక్షణ ఇచ్చిన మేకే మాట వినలేదు. 2006లో సైప్రస్‌లో రాణి పుట్టినరోజు కవాతులో బిల్లీ అనే వెల్ష్ రెజిమెంటు మేక వరస తప్పి నడిచినందుకు దాని లాన్స్ కార్పొరల్ హోదా తీసేశారు, కొన్ని నెలలకు మళ్లీ ఇచ్చారు. మన కోడె అయితే హోదాతో పోదు, ఎవరికో దెబ్బ తగులుతుంది.

వేషం విషయంలో మన ఎండను మర్చిపోవద్దు. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దగ్గరికి పోతుంది. బొచ్చు సూటు, స్పాంజి తల వేసుకున్న మనిషి పావుగంట నిలబడడమే కష్టం, వడదెబ్బ ఖాయం. వేసవి టోర్నమెంట్లకు సూటు అసలు వద్దు. రంగులు పూసిన పులి వేషం, లేదా నూలు గుడ్డతో కుట్టి ముఖం తెరిచి ఉంచిన కోడె వేషం చాలు. రెక్కల పాలపిట్టకు పోచంపల్లి ఇక్కత్ గుడ్డ ముక్కలు వాడితే ఆ నీలాలు ఎంత బాగా పలుకుతాయో చూడండి. సాయంత్రం ఆరు తర్వాతే వేషం బయటికి రావాలి, మనిషి మారుతూ ఉండాలి, మజ్జిగ దగ్గర ఉండాలి.

బొమ్మను ప్రింట్‌కు ఇచ్చే ముందు ఒక జిరాక్స్ తీయించండి. నలుపు తెలుపులో అది ఏ జీవో తెలియకపోతే గీత మార్చాలి. గోడకు అంటించి గ్రౌండ్ అవతలి కొస నుంచి చూడండి. స్కూల్లో చిన్న తరగతి పిల్లలతో గీయించండి, వాళ్లు చూసి గీయగలిగితే ఆ గుర్తు ఊరంతా పాకుతుంది. కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్న రాష్ట్ర చిహ్నాన్ని మాత్రం ఎక్కడా కలపకండి, ప్రభుత్వ చిహ్నాలను ఇష్టం వచ్చినట్టు వాడకుండా 1950 నుంచే చట్టం ఉంది.

పేరు చివర పెట్టండి, బొమ్మ ఖాయమయ్యాక. రెండు నుంచి నాలుగు అక్షరాల పేరు అయితే గ్యాలరీ నుంచి అరవడానికి నోరు తిరుగుతుంది. పాలపిట్టకు నీలి, కోడెకు పొడడు లేదా మల్లన్న, పులికి నల్లమల, తంగేడుకు బంగారి. బతికి ఉన్న నాయకుల పేర్లు, కులం పేర్లు పెట్టకండి, జట్టులో ఒక్క పిల్లకైనా ఆ పేరు నోటితో అరవడానికి ఇబ్బంది అనిపిస్తే దాన్ని వదిలేసి ఇంకో పేరు వెతకండి. రెండు మూడు పేర్లు రాసి ప్రాక్టీస్ రోజు పిల్లల చేతే అరిపించి చూడండి, ఏది గట్టిగా పలికితే అదే పెట్టేయండి.